అప్ప గుమ్మం

నూకాలు తడిగుడ్డను గట్టిగా పిండి, కారు ముందద్దం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఒక్క లాగు లాగింది. వెనక్కి జరిగి, నడుము మీద చెయ్యి ఆనించి చూసుకుంది. అద్దంలో కొబ్బరి మట్టలూ, వాటి వెనక నీలం తిరిగిన మబ్బులూ కనిపించాయి. పై మూల కాకిరెట్ట మరక ఒకటి మిగిలిపోయింది. గుడ్డ కొసను వేలికి చుట్టుకుని, పసిబిడ్డ ముక్కు తుడిచినంత మెల్లగా దాన్నీ తీసేసింది.

కారు ఉన్నది రోడ్డు మీద కాదు. సందు చివర ఇంకా ఇల్లు కట్టని ఖాళీ స్థలంలో, గడ్డి మీద. కూర్మన్నపాలెం జంక్షను నుంచి లోపలికి వస్తే తగిలే ఆ సందులో అన్నీ స్టీలు ప్లాంటులో పని చేసినవాళ్ళ ఇళ్ళూ, చేస్తున్నవాళ్ళ ఇళ్ళూ. ప్రతి గుమ్మం ముందూ స్కూటరో మోటారు సైకిలో ఉంటుంది. కొన్ని గుమ్మాల ముందు కారు కూడా. ఏ బండి శుభ్రం చేయించుకోవాలన్నా ఈ గడ్డి మీదికి తోలుకు రావలసిందే. నూకాలు రోడ్డు మీద కడగదు. దుమ్మును కాసిని నీళ్ళతో నానబెట్టి, గుడ్డతో తుడిచి, బక్కెట్టులో మిగిలిన మురికినీళ్ళు తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు పాదులో పోస్తుంది. సబ్బు అడిగితే చిటికెడంత. నురగ కావాలనేవాళ్ళు తమ ఇంట్లో బట్టలు ఉతుక్కునేటప్పుడు చూసుకోవచ్చని ఆమె ఉద్దేశం.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం మూటలు మోసేవాళ్ళ భుజాల్లా వెడల్పు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన అరచేతులు చేప పొట్టలా తెల్లగా ఉంటాయి. రెండు ముక్కుపుటాలకీ పుడకలు, ముంజేతి మీద మాసిపోయిన పచ్చబొట్టు. నవ్విందంటే సందు ఆ కొసన పడుకున్న కుక్కలు లేచి కూర్చుంటాయి. భర్త పోయాక ఈ సందులోకి పనికి వచ్చింది. అతను పోర్టులో మూటలు మోసే కలాసీగా చేసేవాడు. పిల్లల్లేరు. వెనక పేటలో ఒక రేకుల గది, అందులో ఒక ట్రంకు పెట్టె, ఒక చాప. తెల్లారగానే చీపురుతో మొదలుపెట్టి బళ్ళ దాకా వస్తుంది. ఇన్నేళ్ళలో ఆమె గురించి చెప్పుకోదగ్గ విశేషమేదీ జరగలేదు, ఒక్క కాలవ సంగతి తప్ప.

సందుకి ఒక పక్క పొడుగునా సిమెంటు కాలవ ఉంది. స్నానాల నీళ్ళూ, దొడ్ల నీళ్ళూ వేరే గొట్టాల్లో పోతాయి. ఇది వాననీళ్ళ కోసం కట్టింది. ఎండాకాలమంతా బోసిగా పడుంటుంది కాబట్టి ఇళ్ళవాళ్ళకి అదొక సౌకర్యంగా కనిపించేది. రంగుల బ్రష్షులు కడిగిన నీళ్ళు, గచ్చు మరకలకి వాడిన యాసిడ్, సిమెంటు కలిపిన తట్ట కడుగులు, పెంపుడు కుక్కల రొచ్చు, ఊడ్చిన ఆకులు, అన్నీ అందులోకే. మొదటి వాన పడగానే అదంతా కొట్టుకుపోయేది. ఎక్కడికి పోతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

నూకాలుకి తెలుసు. కాలవ గెడ్డలో కలుస్తుంది. గెడ్డ కొన్ని ఊళ్ళు తిరిగి సముద్రంలో కలుస్తుంది. కలిసే మొగ దగ్గర నాలుగు జాలరి ఇళ్ళున్నాయి. ఆమె పుట్టింది అక్కడ. తొలివానకి కొత్తనీరు దిగగానే మొగలోకి రొయ్యలూ, జెల్లలూ ఎగబడి వస్తే, గౌను తడిపేసుకుంటూ తట్టతో ముంచిన పిల్ల ఆమె. అక్కడ ఇప్పటికీ ఆమె అప్ప ఉంది. అప్ప అంటే అక్క. పేరు మహాలక్ష్మమ్మ.

పనిలో చేరిన కొత్తలో ఒక ఇల్లాలు యాసిడ్ సీసా కాలవ మీద వంచబోతుంటే నూకాలు చీపురు పడేసి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. కోపంగా కాదు, దారి తప్పిన మనిషికి దారి చూపించినట్టు చెప్పింది.

"ఆ కాలవ మీది కాదమ్మా. తిన్నగా మా అప్ప గుమ్మంలోకెల్తాది."

ఆ మాటకి మొదట నవ్వుకున్నారు. తరవాత ఎగతాళిగా వాడుకున్నారు. ఆ తరవాత అలవాటైపోయింది. వాన రాకముందే ఆకులు ఊడ్చి గుంటలో కప్పెయ్యడం, స్కూటరు కింద ఆయిలు చుక్కలు పడుతుంటే అట్టముక్క పరవడం, డాబా మీది నీళ్ళ గొట్టాన్ని కాలవలోకి కాకుండా పెరట్లో తవ్విన ఇంకుడుగుంతలోకి తిప్పడం, ఒక ఇంటిని చూసి ఒక ఇల్లు చేసుకుంటూ పోయాయి. ఒకసారి కొత్తగా వచ్చిన పెయింటరు డబ్బా కడిగి కాలవలో పొయ్యబోతుంటే మేడ మీంచి రోజారమణి కేకేసింది, మహాలక్ష్మమ్మ గుమ్మంలో పొయ్యొద్దని. రోజారమణి బట్టలు కుడుతుంది. కిటికీ దగ్గరే ఆమె మిషను. పాపం ఆ పెయింటరు డబ్బా పట్టుకుని ఆ మహాలక్ష్మమ్మ ఇల్లు ఏదా అని సందంతా కలయజూశాడు.

ఆమెను ఎవరూ చూడలేదు. కాని ప్రతి ఇంటికీ ఒక మహాలక్ష్మమ్మ ఉంది. రోజారమణి మనసులో ఆమె నుదుట రూపాయంత బొట్టు పెట్టుకునే భారీ మనిషి. స్టీలు ప్లాంటులో రిటైరైన త్రినాథరావు, ఆమె గుమ్మంలో నిలబడితే సముద్రమే కాస్త వెనక్కి జరుగుతుందనుకునేవాడు. నూకాలును అడిగితే మాత్రం ఏమీ చెప్పేది కాదు. మీ అప్ప పండక్కి వస్తుందా, మీరు వెళ్తారా అంటే బక్కెట్టు అందుకుని లేచిపోయేది. పేరూ, కాలవ మాటా తప్ప అప్ప గురించి ఆమె నోటి నుంచి మరో మాట వచ్చేది కాదు.

ఈవేళ పొద్దుటి నుంచి నూకాలుకి ఊరికే నవ్వొస్తోంది. కారు తుడుస్తూ నవ్వింది, మెట్లు ఊడుస్తూ నవ్వింది. కారణం త్రినాథరావు భార్య మంగాయమ్మ ఒక్కతెకే తెలుసు. రేపటి నుంచి నూకాలు ఈ సందులోకి రాదు. సాయంత్రం ట్రంకు పెట్టెతో మొగ దగ్గరికి వెళ్ళిపోతుంది, అప్పతో ఉండడానికి. అందరికీ చెబితే గుమ్మం గుమ్మానికీ ఆగి ఏడవాల్సి వస్తుందని, చెప్పవద్దని మంగాయమ్మ చేత ఒట్టు వేయించుకుంది. మంగాయమ్మ ఒట్టు నిలబెట్టుకుంది గాని, పొద్దున టిఫిను పెట్టేటప్పుడు మూడో దోసె వేసి, నాలుగోది కూడా వేసి, ఎందుకమ్మా ఇన్ని అని నూకాలు అడిగితే పెనం వైపు తిరిగిపోయింది.

ట్రంకు పెట్టె తీసుకెళ్ళడానికి మంగాయమ్మ, ట్రాలీ ఆటో నడిపే గుణశేఖర్‌ని మాట్లాడి పెట్టింది. ఎందుకో తెలియకపోయినా, ఎలాగూ ఆటో వస్తోంది కదా అని త్రినాథరావు దానికి ఇంకో పని కూడా అంటగట్టాడు. అక్కడే చిక్కు వచ్చింది.

త్రినాథరావుది గోదావరి వైపు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. రిటైరైనా చేతులు ఊరుకోవు. పాత జీపు ఒకటి కొని, నెలకోసారి దాని కడుపు విప్పి మళ్ళీ కుడుతుంటాడు. దాంట్లోంచి తీసిన కాలిన ఆయిలు నూకాలు మాట మీద షెడ్డులో నీలం డ్రమ్ములో పోసి దాస్తాడు. నిండాక వర్క్‌షాపుకి పంపితే వాళ్ళు తీసుకుంటారు. ఈసారి రేపూ మాపూ అంటూ పంపనే లేదు. డ్రమ్ము మూతి దాకా నిండింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గుణశేఖర్ వచ్చాడు. అతనూ త్రినాథరావూ చెరో పక్కా పట్టుకుని డ్రమ్మును గేటు దాకా మోసుకొచ్చారు. ఆటోలోకి ఎత్తబోతుండగా గుణశేఖర్ చెయ్యి జారింది. డ్రమ్ము గేటు గట్టుకి కొట్టుకుని పక్కకి ఒరిగింది. మూత ఎగిరిపోయింది. నల్లటి ఆయిలు గుబగుబమని బయటికొచ్చి, సిమెంటు రోడ్డు మీద తాపీగా పరుచుకుని, వాలు ఎటుందో వెతుక్కుని, కాలవ వైపు తిరిగింది.

పైన ఉరిమింది.

నూకాలు కొబ్బరిచెట్టు దగ్గర గుడ్డలు ఆరేస్తోంది. చప్పుడు విని చూసింది. చూసిన మరుక్షణం పక్కనున్న నిండు బక్కెట్టు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది. కడిగెయ్యాలనే ఆమెకి తోచింది. చేతులకి అదే అలవాటు. బక్కెట్టు వంచబోతుంటే త్రినాథరావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నీళ్ళు పొయ్యకు నూకాలూ. నీళ్ళు తగిలితే ఇంకా పరిగెడద్ది. ఇసక కావాలి, ఇసక."

స్టీలు ప్లాంటు మిల్లులో పని చేసినన్నాళ్ళూ నేల మీద ఆయిలు పడితే వాళ్ళు ఇసకే చల్లేవారు. నూకాలు బక్కెట్టు దించేసింది. ఎదురుగా ఎవరో ఇంటి మీద అంతస్తు వేస్తూ పోయించిన ఇసక గుట్ట ఉంది. ఎవరి ఇసకో అడిగే తీరిక ఎవరికీ లేదు. పారలు, తట్టలు, పప్పు డబ్బాలు, బియ్యం కొలిచే డబ్బా, ఏది దొరికితే దాంతో మనుషులు గుమ్మాల్లోంచి దిగారు. నిద్రలోంచి లేచినవాళ్ళు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చారు. రోడ్డు మీద ఇసక కట్ట వేశారు. ఆయిలు దానికి ఆనుకుని ఒక్క క్షణం ఆగింది. ఆగి, పక్కనుంచి సన్నటి పాయగా తప్పించుకుని కాలవలోకి జారింది.

నూకాలు కూడా జారింది, దాని వెనకే, కాలవలోకి. చీర గోచీ పెట్టి, ఎండిపోయిన సిమెంటు మీద కూర్చుని, పైవాళ్ళు ఒళ్ళోకి పోసిన ఇసకంతా ముందుకి తోసి అడ్డుకట్ట కట్టింది. అది తడిసి నల్లబడుతోంది. పైనుంచి చినుకు ఒకటి ఆమె మెడ మీద పడింది.

"ఓలమ్మా, వొచ్చీసినాది వాన. పీల్చీదేదైనా ఇయ్యండి, బేగి."

గోనెసంచులు ఇచ్చారు, పాత లుంగీలు ఇచ్చారు. అప్పుడు రోజారమణి మేడ మీంచి పరుపు ఒకటి కిందికి తోసింది. అది ఆమె అత్తగారిది, ఆమె పోయాక ఎవరూ పడుకోనిది, బూరుగుదూది పరుపు. రోజారమణి పరిగెత్తుకుంటూ దిగి, బట్టలు కత్తిరించే పెద్ద కత్తెరతో ఆ పరుపును ఈ కొస నుంచి ఆ కొసకి చీరేసింది. దూది లోపలి నుంచి ఊపిరి వదిలినట్టు పొంగి బయటికొచ్చింది.

బూరుగుదూది నీటిని తాగదు, నూనెను వదలదు. అది తెలిసి అక్కడెవరూ చేసిన పని కాదు. ముద్దలు ముద్దలుగా నూకాలు చేతికి అందించారు. ఆమె కాలవలో కుక్కుతూ పోయింది. తెల్లగా పెట్టిన ముద్ద కళ్ళముందే నల్లబడేది, బయటికి లాగి సంచిలో వేసి ఇంకోటి పెట్టేది. మిగిలిన దూదిని గాలి పట్టుకుపోయింది. సందంతా తెల్లగా ఎగిరింది. గుణశేఖర్ మీసాల మీద, మంగాయమ్మ జడలో, త్రినాథరావు బట్టతల మీద, ఎక్కడ చెమట ఉంటే అక్కడ అంటుకుంది. మొదట మంగాయమ్మ భర్తను చూసి నవ్వింది. ఆయన గుణశేఖర్‌ని చూసి నవ్వాడు. పొద్దుటి నుంచి ఆగని నవ్వేమో, కాలవలోంచి నూకాలు నవ్వు లేచింది. ఆ కొసన కుక్కలు లేచి కూర్చున్నాయి. పని ఆపకుండానే అందరూ నవ్వుతున్నారు.

కాస్త ఆయిలు దాటిపోకపోలేదు. రంగురంగుల పొర ఒకటి, అరచేతి వెడల్పు, కట్ట కిందనుంచి ఊటలా కారి ముందుకి సాగింది. నూకాలు పాకుతూ వెళ్ళి చివరి దూదిముద్దతో దాన్ని అద్ది ఎత్తేసింది. నల్లటి ఇసకంతా సిమెంటు సంచుల్లోకి ఎత్తి త్రినాథరావు షెడ్డులో పేర్చారు. దాన్ని చేర్చవలసిన చోటికి చేర్చే పూచీ తనదని ఆయన అన్నాడు. చినుకులు పలచగా పడుతున్నాయి. వాన ఇంకా నిలబడి చూస్తోంది.

ఆ సమయంలో సందు మొగలో ఒక ముసలామె కనిపించింది. ఎండిన చింతకాయలా సన్నటి మనిషి. సోడాబుడ్డి కళ్ళద్దాలు, వాటికి వెనక తాడు. చేతిలో సంచి. ఆమె గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి, నల్లటి చేతులతో, నెత్తిన దూదితో నిలబడ్డ జనాన్ని ఒక్కొక్కరినే దగ్గరగా చూసింది. చివరికి రోజారమణి దగ్గర ఆగింది.

"ఈడ బళ్ళు తుడిసీ నూకాలని ఉంటాదంట. ఏడుంది?"

రోజారమణి ఆమె ఎవరని అడిగింది.

"నాను దాని అప్పని."

పార పట్టుకున్నవాళ్ళు పార దించారు. రోజారమణి గబగబా చేతులు చీరకి తుడుచుకుంది. త్రినాథరావు ముందుకొచ్చి, నమస్కారం పెట్టబోయి, చేతులు నల్లగా ఉన్నాయని చూసుకుని, అలాగే పెట్టాడు.

"మహాలక్ష్మమ్మగారా అండీ? క్షమించాలి. ఈవేళ మీ గుమ్మంలోకి ఓ డ్రమ్ముడు ఆయిలు పంపబోయాం. మొత్తానికి ఆపాం."

ఆమెకి అర్థం కాలేదు. అప్పుడు ఒకరి తరవాత ఒకరు చెప్పారు. కాలవ, గెడ్డ, మొగ. కొబ్బరిచెట్టు పాదు. యాసిడ్ సీసా. పెయింటరు. అందరూ ఒకేసారి చెబుతుంటే ఆమె తల ఒక్కొక్కరి వైపే తిప్పుకుంటూ విన్నది. విని, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఎన్నాళ్ళ బట్టి ఇలాగ?" అని అడిగింది.

నూకాలు ఈ సందులోకి వచ్చిన దగ్గర్నుంచీ అని చెప్పింది మంగాయమ్మ.

"దానికీ నాకూ మాటల్నేవమ్మా" అంది మహాలక్ష్మమ్మ. "మొన్న శివరాత్రి దాకా ఒకరి మొకం ఒకరం సూసుకోనేదు."

తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఆమే. తన మరిదికి చేసి, కళ్ళెదురుగా ఉంచుకోవాలనుకుంది. నూకాలు పోర్టులో మూటలు మోసే కాపుల కుర్రాణ్ణి ఇష్టపడి అతని చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నా గుమ్మం తొక్కకు అంది మహాలక్ష్మమ్మ. నూకాలు తొక్కలేదు. అతను పోయిన కబురు వెళ్ళినా ఆమె రాలేదు, ఈమె పిలవలేదు. జుట్టు నెరిసిపోయాక, శివరాత్రి నాడు సముద్రస్నానాల గుంపులో, నడుము లోతు నీళ్ళలో అల ఒకటి విసిరికొడితే ఇద్దరూ ఒకే మనిషి భుజం కోసం చెయ్యి చాచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. పట్టుకున్నాక వదలలేదు. కళ్ళు సరిగా ఆనడం లేదు, వచ్చి నా దగ్గరుండమని అక్కడే, ఆ నీళ్ళలోనే అడిగింది అప్ప.

ఇదంతా మహాలక్ష్మమ్మ పొడిపొడిగా చెప్పింది. సాయంత్రం దాకా ఆగలేక బస్సెక్కి తానే వచ్చేసినట్టు కూడా చెప్పింది. నూకాలు వెళ్ళిపోతున్న సంగతి సందుకి తెలిసింది అలాగే.

నూకాలు కాలవలోనే ఉంది. తల ఎత్తలేదు. చేతిలోని దూదిముద్దను సంచిలో వేసింది.

"మాటల్నేకపోతే ఏటి? నీ గుమ్మం నీ గుమ్మమే గదా."

మహాలక్ష్మమ్మ గోడ వదిలేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా వంగి కాలవ గట్టున కూర్చుంది. చెల్లెలి తల వేళ్ళతో తడిమి, దూదిపింజ ఒకటి దొరికితే తీసింది. ఇంకోటి తీసింది. చిన్నప్పుడు పేలు చూసినట్టే, వెంట్రుకలు పాయలు తీస్తూ ఒక్కొక్కటే ఏరింది. "జుట్టంతా పీసు పీసు అయిపోనాది, సవరం కూడా ఎయ్యనేం" అని గొణిగింది. నూకాలు నవ్వింది. ఆ నవ్వు ఈసారి పెద్దగా లేదు. అందుకే సందులో చాలామంది మొహాలు పక్కకి తిప్పుకోవలసి వచ్చింది.

ఆ తరవాత అంతా హడావుడే. మంగాయమ్మ పెరట్లో నూకాలు కాళ్ళూ చేతులూ సున్నిపిండితో రుద్ది రుద్ది కడిగింది. తన బీరువాలోంచి మడత విప్పని నేతచీర తీసి కట్టబెట్టింది. రోజారమణి ఎప్పుడో కుట్టి ఉంచిన జాకెట్టు ఒకటి కొలత చూడకుండానే తెచ్చింది. అది సరిపోయింది. ఎవరింట్లో ఏముంటే అది సంచుల్లోకి చేరింది. బెల్లం, కందిపప్పు, రెండు పనసతొనలు, ఒక గొడుగు. గుణశేఖర్ వెళ్ళి నూకాలు రేకుల గది నుంచి ట్రంకు పెట్టె తెచ్చి ఆటోలో పెట్టాడు. నూకాలు భయపడ్డట్టు ఎవరూ పెద్దగా ఏడవలేదు. మొగ దగ్గరికి ఎలా రావాలో, ఏ బస్సెక్కాలో అడిగారు. ఎప్పుడు రమ్మంటావని అడిగారు. తొలినీరు దిగాక రమ్మంది మహాలక్ష్మమ్మ, రొయ్యలు కూర చేసి పెడతానంది.

అక్కచెల్లెళ్ళిద్దరూ ట్రంకు పెట్టె మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఆటో సందు మలుపు తిరిగేదాకా నూకాలు వెనక్కి చూస్తూనే ఉంది. మలుపు దగ్గర ఆమె నవ్వు వినిపించింది. ఏమందో ఆటో చప్పుడులో తెలియలేదు.

అప్పుడు దిగింది వాన. ఎండాకాలపు వేడినంతా ఒక్కసారి చల్లార్చేలా దిగింది. డాబాల మీంచి నీళ్ళు గొట్టాల్లో దడదడమంటూ ఇంకుడుగుంతల్లోకి దూకాయి. రోడ్డు నీళ్ళు కాలవలో చేరి గెడ్డ వైపు పరుగు తీశాయి. రోజారమణి గొడుగేసుకుని కాలవ గట్టున నిలబడి వంగి చూసింది. త్రినాథరావు ఆమె పక్కకొచ్చి చూశాడు. మట్టిరంగు నీళ్ళు, వాటి మీద ఒక పసుపు ఆకు. ఇంకేమీ లేదు. ఆయన తృప్తిగా తల ఊపి లోపలికి వెళ్ళాడు.

మంగాయమ్మ పెరటి తలుపు వెయ్యడానికి వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. కాళ్ళు కడుక్కునేటప్పుడు విప్పినవి, కొత్తచీర సంబరంలో తొడుక్కోవడం మరచిపోయి వెళ్ళినవి, నూకాలు రబ్బరు చెప్పులు మెట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని పట్టీకి పిన్నీసు, మడమ అరిగిన గుంటల్లో వాననీళ్ళు.